పసుపు గీతకు అవతల

ఓరిన్ హారన్ రెండుసార్లు మోగించి, స్తంభం మీదికి ఎర్రజెండా లాగాడు.

"కాల్పులాపండి! తూటాలు తీసేసి, తుపాకులు బల్లల మీద పెట్టి, గీత వెనక్కి రండి! నీకే చెప్పేది, తొమ్మిదో నంబరు! చెవులమ్ముకున్నావా?"

ముప్పై బల్లల దగ్గర ముప్పై మంది లేచి పసుపు గీత దాటి వెనక్కి వచ్చారు. జెండా లేచాక, ఆ గీతకు అవతల మనిషి ఉన్నంతసేపు ఎవరూ తుపాకి ముట్టకూడదు. గోడమీద బోర్డులో పద్నాలుగు నియమాలున్నాయి, అన్నిటికీ పెద్దది ఇదే. ఈ నియమం పుణ్యమా అని ఆ షూటింగ్ రేంజిలో ముప్పై ఏళ్లుగా ఒక్క ప్రాణం పోలేదని దాన్ని నడిపే కౌంటీ వాళ్లు ఏటా కరపత్రం వేసుకుంటారు. తూటా తగిలి పోలేదు, అంతవరకు నిజమే.

కొలీన్ చీపురు పట్టుకుని గీత దాటింది. ఆమెకు పది నిమిషాలు. బల్లల కింద సిమెంటు మీద పడిన, పేలిన తూటాల ఇత్తడి గుల్లలన్నీ ఆ పది నిమిషాల్లో ఊడ్చి బకెట్లకెత్తాలి. చీపురు కదిలినప్పుడల్లా బూడిదరంగు దుమ్ము మోకాళ్ల దాకా లేచేది. మూతికి కట్టుకున్న చేతిరుమాలు ఇంటినుంచి తెచ్చుకున్నదే. వారం తిరిగితే దుప్పుల వేట మొదలు. తుపాకి సరిచూసుకోవడానికి జిల్లా అంతా ఇక్కడికే వస్తుంది. మామూలుగా పన్నెండు డాలర్లున్న టికెట్టు ఈ నెలంతా పద్దెనిమిది. కొలీన్ జీతం మాత్రం ఏ కాలానికైనా గంటకు పద్నాలుగే. వారానికి ఇరవై తొమ్మిది గంటలు దాటనివ్వరు, ముప్పై అయితే వైద్యబీమా ఇవ్వాల్సి వస్తుందని.

"ఏంటమ్మా, మా గుల్లలన్నీ ఊడ్చుకుపోయి మేడలు కడుతున్నావా?" అన్నాడు గీత వెనకనుంచి ఒక లావుపాటి మనిషి.

"మేడ ఉంటే ఇక్కడెందుకుంటా బాబూ? నీలాగే ముప్పై తూటాలు గాలికి కాల్చి, నవ్వుకుంటూ కూర్చునేదాన్ని."

గీత వెనక అందరూ నవ్వారు. ఆమె జేబులో ఫోను మోగుతూనే ఉంది.

జెండా దిగాక, బకెట్లు షెడ్డులో పెట్టి ఫోను తీసింది. ఆసుపత్రి నర్సు.

"మీ పాప మేబెల్ రక్తపరీక్ష వచ్చిందమ్మా. సీసం ఉంది. మూడున్నర దాటితేనే మేం కంగారు పడతాం. పాపకి ఇరవై ఎనిమిది."

మేబెల్‌కు జూన్‌లో మూడేళ్లు నిండాయి. ఈ వయసు పిల్లలు నోరు మూయమన్నా మూయరు. మేబెల్‌కు మాత్రం నిరుడు వచ్చిన పదిహేను, ఇరవై మాటలు ఈ ఏడు ఒక్కొక్కటే రాలిపోయాయి. 'పాలు' అనే మాట పోయింది, 'కుక్క' అనే మాట పోయింది. పొద్దస్తమానం కడుపు పట్టుకుని సోఫాలో ముడుచుకుని పడుకునేది. కొందరు పిల్లలకు మాటలు ఆలస్యమేనని పక్కింటావిడ ధైర్యం చెబితే, కొలీన్ కూడా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? బీమా లేనివాళ్లకు ధైర్యమే చవకైన మందు.

"ఇల్లు పాతదా? గోడల రంగు పెచ్చులూడుతోందా?" నర్సు అడుగుతోంది.

"ఇల్లు కొత్తదేనండీ. రంగూ బాగానే ఉంది."

"మీరేం పని చేస్తారు?"

"రేంజిలో ఊడుస్తాను."

"అక్కడి దుమ్ములో తూటాల సీసమే ఉంటుందమ్మా. ఆ బట్టలతోనే ఇంటికి వెళ్తారా?"

"మార్చుకోడానికి ఇక్కడ గది లేదండీ."

"వెళ్లగానే పాపని ఎత్తుకుంటారా?"

"ఎత్తుకోనా మరి? గుమ్మం దగ్గరే కాళ్లకు చుట్టుకుంటుంది."

"పనిలోంచి పాపకి ఏమైనా తీసుకెళ్తారా? ఆడుకోడానికి?"

కొలీన్ గుల్లల సంగతి చెప్పింది. చిన్న తుపాకుల గుల్లలను తుక్కు వ్యాపారి తీసుకోడు. ఊడ్చేవాళ్లు వాటిని ఇంటికి తీసుకుపోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పోయిన శీతాకాలం ఓ గుప్పెడు గుల్లల్ని గుడ్డతో తళతళలాడేలా తుడిచి, ఎర్రదారానికి గుచ్చి, పాప మంచానికి కట్టింది. అవి కదిలితే సన్నగా మోగేవి. మేబెల్ వాటిని టింగుటింగు అంటుంది. దవడపళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లు దురదపెడితే వాటినే కొరికేది. చల్లగా ఉంటాయి, బిడ్డకు హాయిగా ఉంటుందని తల్లి మురిసిపోయింది.

"తగ్గుతుందా అండీ? మాటలు తిరిగొస్తాయా?"

"ముందు అవన్నీ తీసెయ్యండమ్మా. ఇంక ఒంట్లోకి వెళ్లకుండా చూద్దాం. సీసం మెదడుని దెబ్బతీస్తుంది, చదువు కూడా కష్టమవుతుంది. పోయింది తిరిగొస్తుందని మాత్రం నేను చెప్పలేను."

కొలీన్ షెడ్డు గోడకు చేరబడి, చెవిమూతలు పెట్టుకుని ఏడ్చింది. బయట ముప్పై తుపాకులు పేలుతుంటే ఆ ఏడుపు ఎవరికి వినబడుతుంది?

ఓరిన్ నీళ్ల కోసం షెడ్డులోకి వచ్చి చూశాడు. అతనికి అరవై ఎనిమిదేళ్లు. ఈ రేంజి తెరిచిన రోజునుంచీ ఉన్నవాడు, కొలీన్‌కు పని నేర్పినవాడు. ఆమె చెబుతుంటే టోపీ తీసి చేత్తో పట్టుకుని విన్నాడు. పది నిమిషాల్లో అవ్వాలంటే పొడి చీపురే గతి, తడిగుడ్డ పెడితే ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, ఇత్తడి తడిస్తే తుక్కువాడు ధర కోస్తాడు అని ఆమెకు చెప్పింది అతనే. అతనికి పైవాళ్లు చెప్పారు.

"దారానికి గుచ్చడం కూడా నేనే చెప్పాను కదూ?" అన్నాడు.

"నువ్వు మంచికే చెప్పావు పెద్దాయనా."

"మా అబ్బాయి డేల్‌గాడికి కట్టాను. మూడేళ్లవాడప్పుడు." కాసేపు టోపీ వంక చూశాడు. "ఆ నర్సు... చదువు గురించి ఏమైనా అందా? దీనివల్ల చదువు కూడా రాదా?"

"మెదడు దెబ్బతింటుందంది. బుద్ధి నిలవదంట, చదువు ఎక్కదంట."

ఓరిన్ ఒక బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. డేల్‌ను ఊళ్లో ఎరగనివాళ్లు లేరు. ముప్పై రెండేళ్లొచ్చినా గడ్డి మోపులు ఎత్తడం తప్ప మరో పని ఇవ్వరు, చిల్లర లెక్క తప్పితే కొట్టువాళ్లు నవ్వుతారు.

"పన్నెండేళ్లొచ్చేదాకా వాడికి పేరు రాయడం రాలేదమ్మాయ్," అన్నాడు ఓరిన్. "మొద్దు వెధవా అని బెల్టుతో కొట్టేవాణ్ని. వాళ్లమ్మ అడ్డొస్తే దాన్నీ తిట్టాను. వాడు మంచం కింద దూరేవాడు. ఈ చేతులే..."

ఏ ప్రమాదం జరిగినా అరగంటలో ఆఫీసుకు తెలపాలని నియమం. ఓరిన్ నియమం తప్పని మనిషి, లేచి వెళ్లి ఫోను చేశాడు.

గంట తిరక్కుండా రేంజిని చూసుకునే పార్కుల ఆఫీసునుంచి అధికారి విట్లాక్ వచ్చాడు. చలికోటు మడత నలగలేదు. చేతిలో ఒక కాగితం, చంకలో లావుపాటి ఫైలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

"చాలా బాధాకరం కొలీన్. మా అందరికీ బాధగానే ఉంది," అని ఫైలు తెరిచాడు. "కానీ ఇదిగో, ముప్పై ఒకటో పేజీ. పొడిగా ఊడవరాదు. గుల్లలు ఇంటికి తీసుకుపోరాదు. ఇది చదివానని చేరిన రోజు నువ్వు సంతకం పెట్టావు."

"ఆ ఫైలు నాకెవరూ చూపించలేదండీ. సంతకం పెట్టమంటే పెట్టాను."

"అలా అంటే ఎలా? పెద్దదానివి కదా. ఇప్పుడు ఈ కాగితం మీద పెట్టు. నియమం తెలిసి కూడా తప్పానని ఉంటుంది, అంతే. నీ ఉద్యోగానికి ఢోకా లేదు, నేను మాట్లాడతాను. పెట్టకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

"మరి పొడిగా ఊడవకూడదన్నప్పుడు పది నిమిషాలే ఎందుకిచ్చారండీ?"

"డబ్బు కట్టినవాళ్లు ఎంతసేపని ఆగుతారమ్మా?"

కట్టినవాళ్లకు చెవిమూతలున్నాయి, కళ్లద్దాలున్నాయి, నిరుడు ఇత్తడి అమ్మిన సొమ్ముతో వేసిన కొత్త పైకప్పు ఉంది. ఊడ్చే మనిషి బట్టలు మార్చుకోడానికి గది కావాలని ఓరిన్ నాలుగుసార్లు రాసిస్తే, నాలుగుసార్లూ బడ్జెట్టు లేదన్నారు. ఇదంతా విట్లాక్‌కు తెలుసు. తెలియనట్టు ఉండటానికే అతనికి జీతం.

బయట ఓరిన్ హారన్ రెండుసార్లు మోగించాడు. ఎర్రజెండా లేచింది.

"వెళ్లి ఊడ్చి రా. వచ్చాక పెడుదువుగాని," అన్నాడు విట్లాక్, పెన్ను మూత తీసి పెడుతూ.

కొలీన్ చీపురు ముట్టుకోలేదు. కొళాయి కింద బకెట్టు పెట్టి నిండా నీళ్లు పట్టింది. రెండు పాత తువ్వాళ్లు భుజాన వేసుకుంది. పసుపు గీత దాటి ఒకటో బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, సిమెంటు మీద నీళ్లు చల్లింది. తువ్వాలు పరిచి, తడిసిన గుల్లల్ని గుప్పిళ్లతో ఎత్తడం మొదలుపెట్టింది. దుమ్ము లేవలేదు.

పది నిమిషాలయ్యేసరికి ఆమె పదో బల్ల దగ్గరుంది.

"ఏంటిది? మళ్లీ ఎప్పుడు మొదలు?" అన్నాడు ఇందాకటి లావుపాటాయన. "పద్దెనిమిది డాలర్లు కట్టి అంట్లు తోముతుంటే చూడ్డానికొచ్చామా?"

విట్లాక్ గీత దాకా వచ్చి ఆగాడు. "కొలీన్! లే! కాగితం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇవతలికి రా!"

"కాగితం మీద పెట్టనండీ," అంది ఆమె తలెత్తకుండా. "నాకు తెలిసి చెయ్యలేదు. తెలిసి ఏ తల్లీ చెయ్యదు. తడిపెట్టే ఊడుస్తాను. అయ్యేదాకా రాను."

విట్లాక్ ఓరిన్ వైపు తిరిగాడు. "జెండా దించి, కాల్పులు మొదలని హారన్ కొట్టు. ఆవిడే లేచి వస్తుంది."

"గీతకవతల మనిషుంది," అన్నాడు ఓరిన్.

"నాకూ కనబడుతోంది. నేను చెబుతున్నా, కొట్టు."

"మనిషుండగా కొట్టను సార్. ఒకటో నియమం." ఓరిన్ హారన్‌ను బల్లమీద జాగ్రత్తగా పెట్టి, షెడ్డులోకి వెళ్లి రెండో బకెట్టు తెచ్చాడు. ముప్పై ఏళ్లుగా అందర్నీ గీత వెనక నిలబెట్టిన మనిషి, తను కూడా గీత దాటి, కీళ్లు పట్టేస్తుంటే మూలుగుతూ చివరి బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

జనంలో ఎవరో ఈల వేశారు, ఎవరో తిట్టారు. ఒకతను మాత్రం టోపీ తీసేసి నిలబడ్డాడు. విట్లాక్ ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

కొలీన్ ఇవేవీ వినలేదు. దోసెడు గుల్లలెత్తి నీళ్లలో వదిలింది. అవి మోగలేదు, చప్పుడు లేకుండా అడుక్కి దిగిపోయాయి. సాయంత్రం ఇంటికి వెళ్లి, బట్టలు గుమ్మం బయటే విడిచి, మంచానికున్న ఎర్రదారం తెంపాలి. మేబెల్ ఖాళీ మంచం చూసి టింగుటింగు అని అడుగుతుంది. ఆ బిడ్డకు మిగిలింది ఆ ఒక్క మాటే.