కూర్చోబెట్టి కొలిచే అక్క

దర్జీ అక్క ఏం కుట్టినా కాస్త లూజుగానే ఉండేది. అందరూ మనిషిని నిలబెట్టి కొలిస్తే ఆమె స్టూలు మీద కూర్చోబెట్టి కొలిచేది మరి.

"నిలబడేది అద్దం ముందే కదండీ! మిగతా రోజంతా కూర్చుని, వంగి, చేతులు చాపి బతకాల్సిందేగా?" అనేది.

లూజు అన్న మాట మొదట చొక్కాలకే అంటుకుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండును. చొక్కా దిగి మనిషినెక్కింది. ఆమెకు బుర్రలో స్క్రూ లూజని తేల్చేసి, వీధి వీధంతా లూజక్క అనడం మొదలెట్టింది. పరాయివాళ్లు అంటే ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. కౌంటరు దగ్గర సొంత తమ్ముడు కూడా ఇకిలిస్తే మాత్రం మనసు చివుక్కుమనేది.

ఆ తమ్ముడు కొత్త ఫ్యాషన్ కటింగు నేర్చుకొచ్చాడు. ఒకరోజు ఆమె మెడలోని టేపు తీసి తన మెడలో వేసుకున్నాడు.

"ఇకనుంచి కొలతలు నేను చూసుకుంటాలే అక్కా. నువ్వు గుండీలు కుట్టు చాలు. బేరాలు పోతున్నాయి."

నాన్న పోయాక ఆ టేపుతోనే వాణ్ణి పెంచి పెద్దచేసింది. ఆమె గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుంది. ఆ రోజు సూదిలోకి దారం ఎంతకీ ఎక్కలేదు.

ఇంతలో తమ్ముడి పెళ్లి దగ్గరపడింది. తన సూటు తనే కత్తిరించి, ఒంటికి అతుక్కుపోయేలా కుట్టుకున్నాడు. గుండీలు అక్క వంతు. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, నిజం చెప్పొద్దూ, దొరబాబులా ఉన్నాడు. ఆమెకూ ముచ్చటేసింది.

"ఎలా ఉంది?"

"బాగుందిరా. ఏదీ, ఓసారి కూర్చో."

"ఇదిగో, మళ్లీ మొదలెట్టావ్," అంటూ కూర్చున్నాడు. వెనకాల పర్రుమంది.

ప్యాంటు నడుం దాకా విచ్చుకుపోయింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. వాడి మొహం చూశాక ఆపేసింది. ఎల్లుండే పెళ్లి, కుట్లు విప్పి వదులు చేద్దామంటే లోపల పిసరంత గుడ్డ మిగల్చలేదు మహానుభావుడు.

"ఇప్పుడెలా అక్కా?"

"నువ్వు కత్తిరించి పారేసిన ముక్కలు దాచాన్లేరా. ఏడవకు."

తమ్ముడు లోపలికెళ్లి పాత ప్యాంటు వేసుకొచ్చాడు. మెడలోని టేపు తీసి ఆమె మెడలో వేసి, స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు.

"కొలతలు తియ్యక్కా."

అంతలో గుమ్మంలోంచి ఎవరో కేకేశారు. "లూజక్క ఉందా?"

టేపు పట్టుకున్న ఆమె చెయ్యి ఆగింది. తమ్ముడు ఈసారి ఇకిలించలేదు.

"మా అక్క ఉందండీ. లోపలికొచ్చి కూర్చోండి," అన్నాడు, స్టూలు ఖాళీచేస్తూ.