సుంకులమ్మ చేనికి కట్టిన వల

నేను ఒక వలను. వల అనగానే మీకు చేపలు గుర్తొస్తాయని నాకు తెలుసు. నేను చేపను ఎన్నడూ చూడలేదు. వలనయ్యాక నీళ్లతో నా పరిచయమంతా నెత్తిన పడిన వానతోనే. గొర్రెల మందను రాత్రికి చేలో ఆపాలంటే చుట్టూ గుంజలు పాతి ఒకటి కడతారే, ఆ వలను. పొద్దు వాలితే కట్టడం, పొద్దు పొడిస్తే పెరకడం, చుట్టి గాడిద వీపున వేయడం, సాయంత్రానికి పక్కన ఇంకో చేని చెక్కలో మళ్లీ కట్టడం. ఒకే చోట కుదురుగా ఉండమని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

పుట్టుకతో నేను జనుము మొక్కను. ఎర్రనేలలో, మంచి ఎండలో మోకాలు దాటి ఎదిగాను. మా చేలో సగం మొక్కలను పూత మీద ఉండగానే దున్ని ఆ మట్టిలోనే కలిపేశారు. వాటిది అదృష్టం. వచ్చే పంటకు బలమై, పని ముగించుకుని పడుకున్నాయి. మిగిలిన సగాన్ని నార కోసం ఉంచారు. నన్ను కోసి, కుంటలో నానబెట్టి, రాతి మీద బాది, ఎండబెట్టారు. కురుబ లింగప్ప అనే పెద్దాయన ఆ నార తెచ్చుకుని, గొర్రెలు మేస్తుంటే గట్టు మీద కూర్చుని పేనాడు. నోట్లో ఆకువక్క, చేతిలో నేను. ఒక్కో ముడికీ గొర్రెలను ఒక్కో బూతు తిడుతూ నన్ను అల్లాడు. అందుకే నాకు కాస్త నోరెక్కువ.

లింగప్ప మోకాళ్లు అరిగాక నేను అతని కొడుకు కరెన్న చేతికి వచ్చాను. కరెన్న మాట తక్కువ మనిషి. అతని వెంట నేను తిరగని ఊరు లేదు. కోతలయ్యాక, మళ్లీ విత్తనాల కాలం వచ్చేలోపు, రైతులు మా మందను పిలిపించుకునేవాళ్లు. మంద రాత్రంతా చేలో పడుకుంటే తెల్లారేసరికి నేల మీద పెంటికలు, నేలలో ఉచ్చ. అదే ఎరువు. బదులుగా కాసిని గింజలు, మంద ఉన్నన్నాళ్లూ కాపరికి రాత్రి సంగటి. ఆ ఇళ్లలో కరెన్నకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. ఇంకాస్త పచ్చడి వేసుకోమని, నెయ్యి ఉందని, మొహమాటపడవద్దని ఒకటే బలవంతం. ఆ మర్యాద తనకు కాదు, తన గొర్రెల కడుపులకు అని కరెన్నకు తెలుసు. అయినా నెయ్యి వద్దనేవాడు కాదు. ఇదే మనుషులు వీధిలో గొర్రెలు ఎదురైతే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు.

రాత్రిళ్లు గొర్రెలు నాకు ఆనుకుని పడుకునేవి. వాటి ఒంటి వేడి నా ముడుల్లోకి దిగేది. పగలంతా అవి మేసిన గడ్డి, ఆ గడ్డి తాగిన ఎండ, అంతా ఆ వేడిలోకే వచ్చి మెల్లగా గాలిలో కలిసిపోయేది. దాన్ని గంపకెత్తడం ఎవరి తరమూ కాదు. ఎండ సంగతి అంతే. వస్తుంది, గడ్డిలో ఒక పూట, గొర్రెలో ఒక పూట ఉంటుంది, వెళ్లిపోతుంది. వెళ్లినది తిరిగి రాదు, కానీ మర్నాడు కొత్తది వస్తుంది. నేల సారం అలా కాదు. అది పైనుంచి రోజూ దిగే సరుకు కాదు. ఉన్నదే మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి గొర్రెలోకి, గొర్రెలోంచి మళ్లీ మట్టిలోకి తిరగాలి. అది దానంతటది ఈ చేనికి నడిచి రాదు. ఎవరో ఒకరు మోయాలి. ఎండను చూస్తే నాకు అసూయ. ఒకసారి వచ్చి పోతే దాని పని అయిపోతుంది.

ఇంత అలసటలోనూ నేను మరిచిపోలేని చేను సుంకులమ్మది. వాలు మీద ఉన్న ఎర్రచేను. భర్త పోయాక ఆమె ఒక్కతే చూసుకుంటోంది. దాని కింద ఆనుకునే ఆమె మరిది ఓబులేసు చేను. వరసగా పంటలు తీసి, తిరిగి ఏమీ వేయక రెండూ సారం పోయి చప్పబడ్డాయి. అప్పుడే ఊరి బయట ఇటుకల బట్టీ వచ్చింది. బట్టీవాళ్లకు పైమట్టి కావాలి. రెండు చేలూ కలిపి ఇస్తే బండ్లు తిరగడానికి వీలుగా ఉంటుందన్నారు. ఓబులేసు ఒప్పేసుకుని వదినను ఒప్పించే పనిలో పడ్డాడు. చేను పండక చాలా కాలమైందని, మట్టినైనా అమ్ముకుందామని రోజూ అదే మాట. సుంకులమ్మ చివరికి ఒక్క పంట గడువు అడిగింది. ఈ ఏడు కొర్ర పండి ఇంట్లోకి సరిపడా వస్తే మట్టి ఇవ్వదు. పండకపోతే బట్టీకి ఇచ్చేస్తుంది. ఓబులేసు నవ్వి సరేనన్నాడు. చప్పనేలలో ఏం పండుతుందని అతని ధీమా.

ఆమె మమ్మల్ని పిలిపించింది అందుకే. మేం వెళ్లాం. కానీ కిందటేడు వానలు లేక అది కరువు వేసవి. పగలంతా తిరిగినా గొర్రెలకు దొరికింది ఎండుపుల్లలే. మొదటి రాత్రి గడిచాక తెల్లవారి సుంకులమ్మ చేలోకి వచ్చి నేలను చూసింది. అక్కడొకటి, ఇక్కడొకటి పెంటికలు. ఆమె మొహం పాలిపోయింది. కరెన్న తల దించుకున్నాడు.

"యాడా పచ్చి గడ్డిపోస లేదక్కా. నా గొర్రెల కడుపుల్లో ఉండేది గాలే. గాలికి పెంట రాదు గదా" అన్నాడు.

ఆమె తన ఇంటి వైపు తిరిగి చూసింది. దొడ్లో వేరుశనగ తీగలు ఎండబెట్టి పేర్చిన వామి ఉంది. ఎద్దుల కోసం పెట్టుకున్నది. ఎద్దుల్లో ఒకటి చచ్చి, ఇంకొకటి అమ్ముడుపోయి, వామి మిగిలింది. ఆ కరువులో మేత కోసం జనం కొట్టుకుంటున్నారు. అది ఇంట్లో బంగారం ఉన్నట్టే.

"కడుపులు నింపితే వస్తాది గదా. వామి విప్పుతా, తిననీ" అంది.

ఊరంతా నవ్వింది. ఓబులేసు పరుగున వచ్చాడు. తల తిరిగిందా అన్నాడు. ఇంత వామిని గొర్రెల పాలు చేస్తే మిగిలేది గంపెడు పెంటికలేనన్నాడు. అతను కళ్లతో చూసింది నిజమే. రోజు రోజుకూ వామి తరిగిపోయింది. తెల్లారి నన్ను పెరికాక నేల మీద కనిపించేది మాత్రం కొంచెమే. సుంకులమ్మ కూడా ఒకటి రెండు ఉదయాలు నేల మీద కూర్చుని, అటు వామినీ ఇటు పెంటికలనూ చూసి ఏడ్చింది. లెక్క తప్పిందేమోనన్న భయం ఆమెదే, అందులో ఎవరికీ వాటా లేదు. నా నోరు ఆమెకు వినపడేదైతే చెప్పేదాన్ని. వామిలో బరువుగా కనిపించినదంతా ఎండే, అది రాత్రంతా వేడై నా ముడుల మీదుగా ఆకాశంలోకి పోయింది. చేనికి కావలసిన సారం చాలావరకు ఇక్కడే పడింది. చూడ్డానికి అది కొంచెంగానే ఉంటుంది. కానీ వలల మాట వినేవాళ్లెవరు?

వాన పడే ముందు మేం వెళ్లిపోయాం. ఆ ఏడంతా ఎక్కడెక్కడో తిరిగాం. మళ్లీ ఆ దారిన వచ్చేసరికి కోతలు జరుగుతున్నాయి. సుంకులమ్మ ఊళ్లో అడిగి తెచ్చుకున్న ఎద్దులతో విత్తిన కొర్ర, బరువెక్కిన కంకులతో వంగి ఉంది. ఆమె కరెన్నను చూసి కొడవలి అక్కడే పడేసి, కోసిన కంకులు చేతినిండా తెచ్చి అతని తలగుడ్డలో కట్టింది. నేను గాడిద మీద ఉన్నాను. ఒక్క కంకి కూడా నాకు తగిలించలేదు. అయినా నాకు సంతోషమేసింది, దాచుకోవడమెందుకు.

మట్టి ఇవ్వనని ఆమె చెప్పేసింది. ఓబులేసు ఆగలేదు. తన చేను ఒక్కదాన్నే ఇచ్చేశాడు. బట్టీవాళ్లు వేరే దారి వేసుకుని, యంత్రం తెచ్చి, మనిషి ఛాతీలోతున తవ్వుకుపోయారు. ఇప్పుడు సుంకులమ్మ చేను ఒక గుంట అంచు మీద నిలబడింది. వాన పడినప్పుడల్లా ఆమె ఎర్రమట్టి, దానితో పాటు వామి పెట్టి తెచ్చుకున్న ఆ సారమంతా, జారి మరిది గుంటలోకి పోవడం మొదలైంది.

ఆమె మంద కోసం మళ్లీ కరెన్న ఇంటికే వచ్చింది. అప్పటికి మంద లేదు. మేత లేక గొర్రెలన్నిటినీ పట్నం లారీ ఎక్కించేశాడు. ఎన్నో ఊళ్ల గడ్డి, ఎన్నో చేల సారం ఆ లారీ ఎక్కి పోయింది. పట్నంలో తిన్నవాళ్లు దాన్ని తిరిగి పంపరు. నేను గోడకు వేలాడుతున్నాను. ఇక విశ్రాంతి దొరికిందనుకున్నాను. దొరికాక అది నాకు ఏమంత నచ్చలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"మంద లేదక్కా. ఈ వలే మిగిలింది" అన్నాడు కరెన్న, మొహం పక్కకు తిప్పుకుని.

సుంకులమ్మ నన్ను చేత్తో తడిమి చూసి, ఇది చాలంది.

ఇద్దరూ కలిసి నన్ను ఆమె చేని దిగువ అంచున, గుంటకు ఇటు పక్కన, పొడుగునా గుంజలకు కట్టారు. వెనక ముళ్లకంప కొమ్మలు, కొర్ర కోసిన మోళ్లు, రాళ్లు కూరారు. తెల్లారింది. నన్ను ఎవరూ పెరకలేదు. మర్నాడూ పెరకలేదు. అలా నిలబడి ఉండడం నాకు చేతకాక నడుము నొప్పెట్టింది.

మొదటి పెద్ద వాన వచ్చింది. వాలంతా ఎర్రగా కదిలి నా మీద పడింది. గొర్రెలు నన్ను తోసేది తెలుసు, మట్టి తోపు వేరు. ఎన్నోచోట్ల ముడులు పటపటమన్నాయి. కానీ నీళ్లు పలచబడి దాటుకుపోయాయి, మట్టి చాలావరకు నా దగ్గరే ఆగింది. వాన వెలిసీ వెలవకముందే సుంకులమ్మ గంప తెచ్చి ఆ ఒండ్రును ఎత్తి వాలు పైకి మోయడం మొదలుపెట్టింది. పైన పోయడం, మళ్లీ దిగడం. నాలాగే ఆమెకూ ఇక ఇదే పని. వచ్చే వానకూ ఇదే.

అప్పుడు గుంటలోంచి ఓబులేసు పిలిచాడు. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉన్నాడు. యంత్రం గోకిపోయిన గట్టినేలలో అతను వేసిన జొన్న మొలవనే లేదు. కిందనుంచి నన్నే చూస్తున్నాడు.

"వదినా, ఆ వల ఒక చోట కొంచెం వదులు చెయ్యి. నా గుంటలోకి రవ్వంత మట్టి రానీ" అన్నాడు.

అతన్ని చూస్తే నాకు జాలేసింది. ఆమెకూ వేసినట్టుంది. నెత్తికెత్తబోయిన గంపను కింద దించి, నా ముడి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఎండ రేపు కూడా వస్తాది ఓబులేసూ. మట్టి రాదప్పా" అంది. తర్వాత గంప ఎత్తుకుని పైకి నడిచింది.

అతను అక్కడే నిలబడ్డాడు. నా మీదుగా నీళ్లు అతని గుంటలోకి దిగుతూనే ఉన్నాయి. అతను దోసిలి పట్టి, అందులో మట్టి ఏమైనా ఉందేమోనని చూసుకుంటున్నాడు.