గొడుగుల దుకాణం

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కళావతి హాల్లో పాత చీర పరిచి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎనుమాముల మార్కెట్ నుంచి తెప్పించినవి పది కిలోలు, ఏడాది కారానికి. సగం కూడా కాకముందే చేతులు భగభగ మండుతున్నాయి. సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఆమె భర్త ఓంప్రకాశ్, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "వచ్చినయి, వచ్చినయి. జర మనసు పెట్టి ఇను," అన్నాడు.

వచ్చినవి క్లూలు. ఓంప్రకాశ్ పదో తరగతి దోస్తులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో కుమారస్వామి అనే రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు ప్రతి ఆదివారం ఒక పాత హాలీవుడ్ సినిమా గురించి మూడు క్లూలు పెడతాడు. గంటలోపల సినిమా పేరు చెప్పాలి. మనిషికి ఒకటే జవాబు. రెండేళ్లుగా అందరికన్నా ముందు చెప్పేది ఓంప్రకాశే. నిజానికి ఆయన జన్మలో చూసిన ఇంగ్లీషు సినిమాలు రెండు, ఆ రెండింట్లోనూ నిద్రపోయాడు. క్లూలు ఆయన చదువుతాడు, పప్పు ఏరుతూనో బట్టలు మడతపెడుతూనో కళావతి పేరు చెబుతుంది, ఆయన టైపు చేస్తాడు. మొన్న జనవరిలో హన్మకొండలో దోస్తులంతా ఒక ఫంక్షన్ హాల్లో కలిసినప్పుడు ఆయనకు శాలువా కప్పి, 'హాలీవుడ్ ఓంప్రకాశ్' అని చెక్కిన అద్దం మెమెంటో చేతిలో పెట్టారు. ఇప్పుడది టీవీ పక్కన ఉంది. దాని మీద దుమ్ము తుడిచేది కూడా కళావతే.

ఆ రోజు ఎవరో మైకులో అడిగారు, "గివన్నీ నీకెట్ల తెలుసురా?" అని. ఓంప్రకాశ్ ఏమాత్రం తడుముకోలేదు. "మా మామకు టాకీస్ల వాటా ఉండె. సినిమాలంటె మా ఇంట్ల ముచ్చట్లే," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల బల్ల దగ్గర కూర్చున్న కళావతి పెరుగన్నం పక్కకు నెట్టేసింది. ఆ వాటా అబద్ధం ముప్పై ఏళ్ల నాటిది. పెళ్లైన కొత్తలో అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని మెత్తగా నేర్పింది. "మీ అమ్మ గేటు కాడ నిలబడేదని మా సుట్టాలల్ల అనకు బిడ్డా. టాకీస్ల వాటా ఉండె అను. ఇజ్జత్ ఉంటది." ఎవరన్నా అడిగినప్పుడల్లా కళావతి అట్లాగే చెప్పింది. ఇరవై రెండేళ్ల పిల్ల, కొత్త ఇల్లు, ఇంకేం చెబుతుంది? కానీ ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అత్తగారి మీద కన్నా తన మీద తనకే ఎక్కువ కోపం వస్తుంది.

అమ్మ పేరు సమ్మమ్మ. మట్టెవాడలో చిన్న కిరాణా దుకాణం నడిపే నాన్న పోయాక, స్టేషన్ రోడ్డులో ఒక టాకీసులో లేడీస్ క్లాసు గేటు దగ్గర టికెట్లు చింపే పనికి కుదిరింది. ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమా. ఇంగ్లీషు సినిమాకు ఆడవాళ్లెవరు వస్తారు? కింద నేల క్లాసు మగవాళ్లతో కిటకిటలాడేది, లేడీస్ క్లాసు బెంచీలన్నీ ఖాళీ. అయినా గేటు దగ్గర మనిషి ఉండాల్సిందేనని మేనేజరు రూలు. అన్ని బెంచీల మధ్య ఎనిమిదో తరగతి కళావతి ఒక్కతే కూర్చుని మంచునూ ఓడలనూ, టోపీలు పెట్టుకుని నవ్వే ఆడవాళ్లనూ నోరు తెరుచుకుని చూసేది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమనేది. మాటలు అర్థమయ్యేవి కావు, అందుకని కళ్లకు పని ఎక్కువ. ఎవరి కోటుకు గుండీ ఊడింది, గోడ గడియారంలో టైమెంత, ఏ గదిలో పటం వంకరగా వేలాడుతోంది, ఇవన్నీ ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు కుమారస్వామి క్లూలుగా పెట్టేది సరిగ్గా అట్లాంటివే మరి. బయట పోస్టరు మీది ఇంగ్లీషు పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని మనసులో దాచుకునేది కానీ, ఇంట్లో వాడుకకు తల్లీబిడ్డలు పెట్టుకున్న పేర్లు వేరు. మూగ కుక్క సినిమా. తలుపు కొట్టే ముసలోని సినిమా. గొడుగు సినిమా.

వచ్చిన చిక్కల్లా ఒకటే. వాళ్ల వాడకు నల్లా పదకొండుకు వచ్చేది. ఇంటర్వెల్ గంట మోగగానే కళావతి లేచి ఇంటికి ఉరకాలి, బిందెలు వరసలో పెట్టాలి, నింపాలి. అరగంట దాటితే నల్లా బంద్. ఆ పిల్ల చూసిన సినిమాలన్నీ ఇంటర్వెల్ దాకానే. పొద్దుటాటకూ మ్యాట్నీకీ మధ్య సమ్మమ్మ అన్నం తినడానికి ఇంటికొచ్చేది. ముద్ద కలుపుతూ, "తర్వాత ఏమైందే?" అని అడిగేది. ఏమైందో కళావతికేం తెలుసు? నోటికొచ్చింది కల్పించేది. సమ్మమ్మ అన్నం సంగతి మరిచిపోయి వినేది.

గొడుగు సినిమాలో ఒక ఇంటావిడ ఉంటుంది. ఆమె మొగుడు పేపరు దించి ఆమె ముఖం చూడడు. ఆమె రోజూ గొడుగు పట్టుకుని స్టేషనుకు వెళ్లి, వచ్చే రైలునూ పోయే రైలునూ చూసి ఇంటికొస్తుంటుంది. ఒకరోజు వానలో రైలు సరిగ్గా ఆమె ముందే ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఆమె గొడుగు మూసి, ఒక కాలు తీసి మెట్టు మీద పెడుతుంది. అంతే, ఇంటర్వెల్. ఆ రోజు అన్నం దగ్గర కళావతి, "ఎక్కింది అమ్మా. ఎక్కి శానా దూరం పోయింది. గా ఊర్లె గొడుగుల దుకాణం పెట్టింది," అని చెప్పింది. సమ్మమ్మకు పొలమారింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుని, "మంచిగ పెట్టింది బిడ్డా," అన్నది. ఆ మాట వాళ్లిద్దరికీ మిగిలిపోయింది. కళావతి కాపురానికి వచ్చాక కూడా, ఫోనులో బిడ్డ గొంతు నీరసంగా వినిపిస్తే చాలు, "గొడుగుల దుకాణం ఎట్ల నడుస్తాందే?" అనేది సమ్మమ్మ. ఆరేళ్ల కింద దవాఖానలో ఆఖరి రోజుల్లోనూ చెయ్యి పట్టుకుని, "దుకాణం తెరిచినవా?" అని అడిగింది. జ్వరంలో ఏదో అంటోందనుకుని కళావతి దుప్పటి సర్దింది.

"ఇంటానవా?" అన్నాడు ఓంప్రకాశ్. "ఒకటి. బ్లాక్ అండ్ వైట్ సినిమా, సగానికి సగం సీన్లల్ల వాన పడ్తది. రెండు. హీరోయిన్ చేతిల గొడుగు లేకుండ ఇల్లు దాటది."

కళావతి చేతిలో మిరపకాయ అట్లాగే ఆగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ రాలేదు ఆ సినిమా. పదమూడేళ్ల పిల్ల ఎవరో లోపల లేచి కూర్చున్నట్టయింది ఆమెకు.

"మూడు. ఆఖరి సీన్ల ఆమె స్టేషన్ కెల్లి ఇంటికి వాపస్ వచ్చి, గొడుగు మూలకు పెట్టి, మొగనికి చాయ్ పోస్తది."

"గా సినిమా కాదు," అన్నది కళావతి, అంత సంతోషమూ జారిపోగా. "నేననుకున్న సినిమాల ఆమె రైలెక్కి పోతది. ఇది వేరేది." ఆలోచించి ఇంకో పేరు చెప్పింది. ఓంప్రకాశ్ టైపు చేశాడు.

పదింటికి కుమారస్వామి జవాబు పెట్టాడు, జతగా ఒక ఫొటో. ఓంప్రకాశ్ ఫోను ఆమె ముఖం మీదికి తెచ్చాడు. వాన, స్టేషను, గొడుగు మూసి మెట్టు మీద కాలు పెట్టిన ఆడమనిషి. అదే సినిమా. కింద గ్రూపులో ఒకటే నవ్వులు. 'హాలీవుడ్ పడ్డది' అని ఒకరు, 'మామ వాటా అమ్ముకున్నట్టున్నడు' అని ఇంకొకరు.

"ఇజ్జత్ తీసినవ్ గదనే!" అన్నాడు ఓంప్రకాశ్. "సగం సగం తెలిసినప్పుడు నోరెందుకు తెరుస్తవ్?"

"నేను ఇంటర్వెల్ దాకనే చూసిన. నల్లాకు పోయేదాన్ని."

"మరి గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? బిందెడు నీళ్ల కోసం సినిమా ఇడిసిపెట్టి వస్తరా ఎవరన్న?"

ఈ మాట అన్నది చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మనిషి. వరంగల్‌లో సగం ఇళ్లకు బిందెలమ్మిన మనిషి. జీవితంలో ఒక్క బిందె నింపినవాడు కాదు. కళావతికి నవ్వొచ్చేదే, కానీ మనసు అక్కడ లేదు. మూడో క్లూ దగ్గరే తిరుగుతోంది. ఆఖరి సీన్లో ఆమె వాపసు వస్తుందట. ఇంటర్వెల్‌లో లేచి ఉరికింది తను. అమ్మ కాదు కదా. ఆట వదిలాక, బెంచీల కింద ఎవరిదన్నా ఏదన్నా పడిపోయిందేమో చూసి, తలుపు గడియ పెట్టేదాకా అమ్మ డ్యూటీ. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని అమ్మ ప్రతి సినిమానూ ఆఖరిదాకా చూసింది. ఆ ఇంటావిడ తిరిగి రావడం చూసింది, గొడుగు మూలకు పెట్టడం చూసింది, చాయ్ పొయ్యడం చూసింది. అంతా చూసి ఇంటికొచ్చి, ఏమీ తెలియనట్టు, "తర్వాత ఏమైందే?" అని అడిగింది. ఒక్కనాడు కూడా, గట్ల కాదు బిడ్డా, అనలేదు. ఎందుకనలేదో కళావతికి యాభై మూడో ఏట, మిరపకాయల కుప్ప ముందు అర్థమైంది. దవాఖానలో చెయ్యి పట్టుకుని అడిగింది జ్వరం మాట కాదనీ అర్థమైంది. ఏడుపు తన్నుకొచ్చింది. మండే చేతులతో కళ్లు తుడుచుకునే వీలు లేక, కారినంతసేపూ కారనిచ్చింది.

"కారం ఘాటు పట్టింది, ఫ్యాను ఎయ్యి," అన్నాడు ఓంప్రకాశ్ ఫోనులోంచి తల ఎత్తకుండా.

కళావతి లేచింది. చేతులకు నూనె రాసి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. వచ్చి, టీవీ రిమోటు నోటి దగ్గర పెట్టుకుని ఆ సినిమా ఇంగ్లీషు పేరు పలికింది. ఇన్నాళ్లూ ఆమెకు తెలిసిన పేర్లన్నీ మొగుడి వేళ్ల మీదుగానే బయటికి పోయాయి. ఇది ఆమె గొంతుతోనే పోయింది, టీవీ వెంటనే విన్నది. మిరపకాయలు నేలమీద సగం తొడిమలతో సగం లేకుండా పడి ఉండగా, ఆమె సోఫాలో ఇంకో కొసకు కూర్చుంది. తెర మీద వాన మొదలైంది. వంకర పటం అక్కడే ఉంది. మొగుడి పేపరూ అక్కడే ఉంది. అప్పటి బెంచీల వాసన, అమ్మ చేతిలో చిరిగే టికెట్ల చప్పుడు, అన్నీ వచ్చి పక్కన కూర్చున్నట్టు ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

"ఏయ్, కుమారస్వామి బోనస్ ఇచ్చిండు. ఇను, ఒకటి..."

"సినిమా చూస్తాన."

"అమ్మో, అలిగినవా? గంత ఏమన్నననే?"

కళావతి తెర మీంచి చూపు తిప్పలేదు. "మా అమ్మ టాకీస్ల లేడీస్ గేటు కాడ టికెట్లు చింపేది. వాటా గీటా ఏం లేకుండె. ఇగ మీద ఎవరన్న అడిగితె గదే చెప్పుండ్రి."

ఓంప్రకాశ్ టీవీ పక్కనున్న మెమెంటో వైపు చూశాడు. మళ్లీ ఫోనులోకి వంగాడు.

పదకొండయింది. తెర మీద రైలు వచ్చి ఆమె ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె గొడుగు మూసింది. సరిగ్గా అప్పుడే పక్కింటి సోమక్క గోడ మీంచి కేకేసింది. "కళావతీ, నల్లా వచ్చింది!" ధర్మసాగర్ చెరువు నీళ్లు రోజు విడిచి రోజు, ఇప్పటికీ అరగంటే. కళావతి మోకాళ్లు వాటంతట అవే లేచాయి. సోఫా అంచు పట్టుకుని సగం లేచిన మనిషి, అట్లాగే తెర వంక చూసింది. టీవీలో ఇంటర్వెల్ లేదు. ఆమె కాలు మెట్టు మీద పెట్టింది, సినిమా ఆగకుండా ముందుకు పోతోంది. కళావతి మళ్లీ కూర్చుంది.

"నల్లా అంటాంది," అన్నాడు ఓంప్రకాశ్.

"బిందెలు గడప కాడ ఉన్నయి. ఇయ్యాల మీరు పట్టుండ్రి."

"నేనా?"

సోమక్క మళ్లీ పిలిచింది. ఓంప్రకాశ్ ఫోను సోఫా మీద పెట్టాడు, లుంగీ ఎగగట్టుకుని గడప దాకా వెళ్లి తన దుకాణం బిందెనే వింతగా చేతిలోకి తీసుకున్నాడు. అక్కడినుంచే వెనక్కి తిరిగి, "ఆఖరికి ఆమె ఇంటికే వస్తదని క్లూలనే ఉండె గద. ఇంక చూసుడేంది?" అన్నాడు.

"ఎందుకొస్తదో చూడాలె నాకు," అన్నది కళావతి.