మూడో స్తంభం మీది ఆడమనిషి

మా ఆయన ఎంబ్లార్ చెక్కే దేవదూతలకు మోకాళ్లుండవు. బట్ట మడతల కింద కాళ్లు ఎటు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. సింహాన్ని చెక్కితే ఊరకుక్కకు జూలు పెట్టినట్టుంటుంది. అసలు సింహాన్ని చూసినవాడు మా చుట్టుపక్కల పది ఊళ్లలో లేడు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ముఖాలు మాత్రం ఆయనకు బాగా వస్తాయి. అందుకే మఠంవాళ్లు కొత్త చర్చి కడుతూ స్తంభాల తలరాళ్లు చెక్కే పని ఆయనకు అప్పగించారు.

అందులో ఒక రాయి మీద మేరీమాత బాలయేసుకు పాలిస్తూ ఉండాలి.

ఆ రాయి గని నుంచి వచ్చేసరికి మా పిల్లాడు పోయి నెలయింది. పేరు గిరో. తొమ్మిది వారాలు బతికాడు. బాప్తిస్మం అయింది కాబట్టి తిన్నగా స్వర్గానికే వెళ్లాడని అందరూ చెప్పారు. నాకూ ఆ నమ్మకముంది. కాని స్వర్గంలో ఉన్నవాడి ముఖం ఇక్కడ మిగిలినవాళ్లకు గుర్తుండాలంటే ఏదో ఒక ఆధారం ఉండాలి. దొరలు పోతే సమాధి పలక మీద బొమ్మ చెక్కిస్తారు. రాతిపనివాడి కొడుక్కి ఎవరు చెక్కిస్తారు? అప్పటికే నాకు వాడి కనుబొమలు సరిగా గుర్తు రావడం లేదు.

ఒక సాయంత్రం గంజి తాగుతూ ఎంబ్లారే ఆ మాట ఎత్తాడు.

"రేపటి నుంచి నువ్వు పనిపాకకు వచ్చి కూర్చో, ఒదియారూ. మాతకు నీ ముఖం పెడతాను. ఒళ్లో ఉండేది మన గిరో."

"మఠం పెద్ద గుర్తుపడితే?"

"ఇతియే అయ్యగారా? ఆయన ఆడవాళ్ల ముఖం చూడ్డమెప్పుడు? ప్రార్థనలో కళ్లు మూసుకునే ఉంటాడు."

ఆ శీతకాలమంతా వెళ్లాను. రాళ్లన్నీ నేల మీదే చెక్కి, ఆ తర్వాత తాళ్లతో పైకి లాగుతారు. అందుకని రాయి నా మోకాళ్ల ఎత్తులోనే ఉండేది. నా ముఖం త్వరగానే అయిపోయింది. ముక్కు కొంచెం తగ్గించమంటే, అబద్ధం చెక్కనన్నాడు. పిల్లాడి దగ్గరే ఆలస్యమైంది. వాడు బతికున్న తొమ్మిది వారాల్లో ఆరు వారాలు ఎంబ్లార్ గని దగ్గరే ఉన్నాడు. అందుకని నేను చెబుతుంటే ఆయన చెక్కాడు. గడ్డం కింద మడత. కుడి చెవి పైఅంచు లోపలికి ముడుచుకోవడం. పాలు తాగేటప్పుడు పిడికిలి బిగించడం. ఒకరోజు ఉలి ఆపి పక్కకు జరిగాడు. చూస్తే రాతిలో గిరో ఉన్నాడు. నేను కనుబొమల సంగతి చెప్పనే లేదు, అవి కూడా ఉన్నాయి. బుగ్గ మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది. చివర్లో వాడి బుగ్గ అలాగే ఉండేది కాబట్టి అందులో కొత్తేమీ లేదు.

మంచు కొట్టకుండా ఆ రాయి మీద గడ్డి, పేడ కప్పారు. నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యాక ఎంబ్లార్ ఇక పాకకు రావద్దన్నాడు. ఆడవాళ్లు తిరుగుతుంటే మఠం పెద్ద ఊరుకోవడం లేదట. సరేలే అని, రొట్టె, చిక్కుడుగింజలు బండివాళ్లకిచ్చి పంపేదాన్ని. తర్వాత రాళ్లను పైకి ఎత్తారు. చుట్టూ పరంజా ఉండడంతో కిందివాళ్లకు ఏమీ కనిపించేది కాదు.

పెంతెకొస్తు పండుగ ముందు పరంజా విప్పారు. పండుగనాడు ఉతికిన తలగుడ్డ కట్టుకుని, పక్కింటి రిషిల్ద్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. గిరో రాతిలో ఉన్న సంగతి రిషిల్ద్‌కు ఒక్కదానికే చెప్పాను. ఆడవాళ్లు నిలబడేది ఉత్తరం వైపు. ఆ వైపు ఒక్కో స్తంభం చూసుకుంటూ వచ్చి, మూడోదాని దగ్గర ఆగి తలెత్తాను.

ముఖం నాదే. ముక్కుతో సహా నాదే. తల మీది ముసుగు మడతలు పాయలుగా చీలి, విరబోసిన జుట్టయ్యాయి. పాలిచ్చే రొమ్ము అలాగే ఉంది. దాన్ని పట్టుకుని పీలుస్తున్నది మాత్రం పాము. లావుపాటి పాము, నా ఒళ్లో చుట్ట చుట్టుకుని ఉంది. నడుం కింద బట్ట ఉంచాడు, అంతవరకు దయ. కామానికి లోబడిన ఆడదానికి నరకంలో పడే శిక్ష అది. మా దేశంలో చిన్నపిల్లలు కూడా ఆ బొమ్మను గుర్తుపడతారు.

రిషిల్ద్ చాలాసేపు పైకి చూసింది.

"నువ్వు కాదులే వదినా."

"ముక్కు ఎవరిది?"

"ముక్కు నీదే." కళ్లు చిట్లించి మళ్లీ చూసింది. "పామును మాత్రం బాగా చెక్కాడు అన్నయ్య."

వెనక నుంచి మిల్లువాడి పెళ్లాం గొంతు వినిపించింది. "ఎంబ్లార్ భార్య కదూ అది? మొగుడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే." పదిమంది నవ్వారు. నరకానికి పోయినా చుట్టుపక్కలవాళ్లు తెలిసినవాళ్లే ఉంటారని ఆ రోజు అర్థమైంది. వాళ్ల నవ్వు నాకు పట్టలేదు. నేను ఆ చుట్టల మధ్య పిడికిలి కోసం వెతుకుతున్నాను. లేదు.

ఇంటికొచ్చాక ఎంబ్లార్ నేను అడగకముందే మొదలుపెట్టాడు.

"అయ్యగారు గుర్తుపట్టేశాడు. మాతకు రాతిపనివాడి పెళ్లాం ముఖమా అని మండిపడ్డాడు. రాయి మార్చెయ్యమన్నాడు, అలాగే పాము పెట్టమన్నాడు. మఠం పెద్దకు ఎదురు చెప్పగలనా నేను?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఆ పూట క్యాబేజీ కూరలో అక్రోటు నూనె కూడా కొంచెం ఎక్కువ పోశాను.

మర్నాడు మఠానికి వెళ్లాను. ఇతియే అయ్యగారు తోటలో ఉల్లి నాటుతున్నాడు. చెప్పాలనుకున్న మాటలన్నీ దారిలో వరస పెట్టుకున్నాను.

"నా ముఖం వద్దంటే చెరిపించాల్సింది, అయ్యగారూ. పిల్లాణ్ణి పామును చేయించడం దేనికి?"

ఆయన నడుం నిటారు చేసి, మొదటిసారి నా ముఖం చూశాడు.

"నేను చేయించలేదమ్మా. మాత ముఖం చూసి ఊళ్లోవాళ్లు నవ్వుతారు, ఈ రాయి పక్కన పెట్టి ఇంకోటి చెక్కు అన్నాను. అంతే. పక్కన పెట్టడమెందుకు, కామం బొమ్మ ఎలాగూ ఒకటి కావాలి, నాలుగు రోజుల్లో ఇదే మార్చేస్తానన్నది మీ ఆయనే. తెలివైనవాడని మెచ్చుకున్నాను కూడా." మళ్లీ వంగబోయి ఆగాడు. "ఆ పిల్లాడు ఎవరైనా తెలిసినవాడా?"

"లేదయ్యగారూ," అన్నాను. ఆయనకు చెబితే ఏదో ప్రార్థన చేస్తానంటాడు. అప్పుడు నేను కృతజ్ఞత చూపించాలి. నాకు ఓపిక లేదు.

ఎంబ్లార్ ఇంటి ముందు కూర్చుని ఉలి సానపెడుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"పక్కన పెట్టమన్నాడట కదా."

సాన ఆగింది. కాసేపటికి మళ్లీ సాగింది.

"పక్కన పెడితే మాత రాయి, కామం రాయి రెండూ మొదటి నుంచి చెక్కాలి. పండుగలోపు అవుతుందా? అవ్వకపోతే వచ్చే ఏడు నది అవతలి చర్చికి నన్ను పెద్దమేస్త్రీగా పెడతారా? నువ్వే చెప్పు."

"నాకు చెప్పి ఉండాల్సింది."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ముందు ఏది తీశావు?"

"తల." పని గురించి అడిగేసరికి ఆయనకు ధైర్యం వచ్చింది. "తల తీసేశాక మిగతా ఒళ్లు దానంతటదే చుట్టలా వచ్చేసిందంటే నమ్ము. ముందే పాము కోసం చెక్కినట్టు కుదిరింది."

"పాముకు వేరే రాయి చూసుకుని, దాన్ని ఇంటికి తెచ్చుకోవాల్సింది, ఎంబ్లార్."

"ఎందుకు?" అన్నాడు.

నిన్నటి కన్నీళ్లకు నేను ఎంత విలువ ఇచ్చానో, ఆ మాట వినగానే అంతా తిరిగి తీసేసుకున్నాను. ఎందుకంటే ఈసారి ఆయన నటించలేదు. నిజంగానే అడిగాడు. ఇంట్లో అంత బరువు రాయి ఎందుకని.

"వాడి చెవి ఏ పక్కది ముడుచుకుని ఉండేది?" అన్నాను.

"ఎడమది," అన్నాడు వెంటనే.

నేను లేచి లోపలికి వెళ్లాను. అరిచి ఉంటే ఆయనకు సుఖంగా ఉండేది. నది అవతలి పని ఆయనకే వచ్చింది. ఊరంతా వచ్చి అభినందించి, నావైపు ఒకసారి చూసి వెళ్లింది.

చలికాలం మొదట్లో సెయింట్ మార్టిన్ పండుగకు పందిని కోశాం. ఆ రోజే ఎంబ్లార్ సంచిలోంచి ఒక రాయి తీసి బల్ల మీద పెట్టాడు. మూరెడు రాయి. అందులో పడుకున్న పసివాడు.

"ఇదిగో, గిరో," అన్నాడు. "నీ కోసమే. రాత్రుళ్లు కూర్చుని చెక్కాను."

ముద్దుగా ఉన్నాడు. బుగ్గలు నున్నగా ఉన్నాయి. ఊళ్లో ఏ ఇంటి పిల్లాడైనా కావచ్చు.

"బాగుంది," అన్నాను. నిజంగానే బాగుంది.

ఉప్పునీళ్లలో వేసిన మాంసం పైకి తేలకుండా కుండలో పలక మీద బరువు పెట్టాలి. రాయి కడిగి అక్కడ పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆయన చూశాడు. మాంసం కావాలన్నప్పుడల్లా దాన్ని ఎత్తి దించాల్సింది ఎంబ్లారే. నాకు నడుం నొప్పి.