తీగ లేని హార్మోనియం

"ఆ గోల కాస్త ఆపుతావా?"

పేపరు వెనకనుంచి వచ్చింది భర్త గొంతు. ఆమె చెయ్యి అప్పటికే మీట మీదికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళుగా ఆ మాటకీ ఆ చేతికీ మధ్య ఉన్న వ్యవధి తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు దాదాపు లేకుండానే పోయింది.

గోల అంటే ఆమె కంప్యూటర్ మాట్లాడడం. తెర మీద ఉన్నదంతా అది చదివి వినిపిస్తుంది. మామూలు మనిషి మాట్లాడే వేగానికి మూడింతలు పెట్టుకుంటుంది ఆమె. కొత్తవాళ్ళకి ఈగల గుంపు ముసిరినట్టు ఉంటుంది. ఆమెకి మాత్రం ప్రతి ముక్కా తెలుస్తుంది. ఆసుపత్రి డాక్టర్లు గబగబా చెప్పి రికార్డు చేసి పంపే రిపోర్టుల్ని విని టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం. హాలుని ఆనుకుని ఉన్న చిన్న గదిలో కూర్చుని చేస్తుంది, తలుపు తీసే ఉంచి. "వంటింట్లో ఏం జరుగుతోందో తెలియాలి కదా అమ్మాయ్" అంటారు అత్తగారు.

పోనీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే? పెట్టుకుంది. రెండో రోజునే పాలు పొంగి స్టౌ మీద పడ్డాయి. "కళ్ళు ఎలాగూ లేవు, చెవులు కూడా మూసుకుంటే ఈ ఇల్లు ఏమైపోవాలి?" అన్నారు అత్తగారు. వంటింటి గుమ్మం పక్కనే కూర్చుని, రెండు కళ్ళతో టీవీ చూస్తూ అన్నారు. అప్పటినుంచి ఒకటే ఇయర్‌ఫోన్. కుడి చెవి ఉద్యోగానిది, ఎడమ చెవి ఇంటిది. కుక్కర్ కూతలు లెక్కపెట్టేదీ, ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్నాయని కనిపెట్టేదీ, అత్తగారి దగ్గుల్లో మామూలు దగ్గేదో మంచినీళ్ళు అడిగే దగ్గేదో తేల్చేదీ ఎడమ చెవే. దానికి సెలవుల్లేవు.

నిరుడు ఆఫీసువాళ్ళు బ్రెయిలీ డిస్‌ప్లే పంపారు. జానెడున్నర పొడవున్న పలక. ముందు వరసలో నలభై గళ్ళు. ఒక్కో గడిలో సన్నటి చుక్కలు లేస్తాయి, పడతాయి. తెర మీద ఏ వరస ఉంటే ఆ వరస వేళ్ళ కింద మొలుస్తుంది. పైన కొన్ని మీటలు. వాటితో టైపు కూడా చెయ్యొచ్చు. చప్పుడు లేదు. స్కూలు వదిలాక అక్షరాన్ని చేత్తో తాకడం ఆమెకి మళ్ళీ అదే మొదటిసారి. ఆ మొదటి రోజు పనేమీ చెయ్యకుండా తన పేరు తనే టైపు చేసుకుని, పదిసార్లు తడిమి చూసుకుంది.

భర్త చూసి నవ్వాడు. "ఏంటిది, హార్మోనియమా? కచేరీ ఎప్పుడు?"

ఆ పేరే ఖాయమైపోయింది. ఇంటికొచ్చినవాళ్ళకి కూడా "మా ఆవిడ హార్మోనియం వాయిస్తుంది" అని చూపించేవాడు. వాళ్ళు నవ్వేవారు. ఆమె పెట్టిన టీ తాగుతూ, ఆయన వైపు తిరిగి, "ఎంత గొప్ప మనసండీ మీది" అనేవారు. ఆ మాట ఆమె మొదటిసారి విన్నది పెళ్ళిపీటల మీద. ఆ తర్వాత లెక్క వదిలేసింది. ఆ పలక ఎలా పనిచేస్తుందని మాత్రం ఆయన ఏనాడూ అడగలేదు. ఆమె వాయిస్తేనే మోగేదనుకున్నాడు.

అది మోగడం కాదు, పట్టుకోవడం నేర్చింది. వేరేవాళ్ళు టైపు చేసి, చివరి మార్పుల కోసం ఆమెకి వచ్చిన ఒక రిపోర్టులో పైన కుడి మూత్రపిండం అని, కింద ఎడమ మూత్రపిండం అని ఉంది. మర్నాడే ఆపరేషన్. టైపు చేసినవాళ్ళూ చూసుకోలేదు, సరిచూసినవాళ్ళూ చూసుకోలేదు. ఆమె చెవి కూడా పరుగులో దాటేసింది. వేలు ఆగింది. అందుకే నిన్న టీమ్ మేడమ్ ఫోన్ చేసింది.

"ఎనిమిది మంది టైపు చేసింది సరిచూసే పని నీకిస్తున్నాం. సోమవారం నుంచి ఆఫీసుకి రావాలి. రేపు పన్నెండు లోపు ఒప్పుకుంటున్నానని మెయిల్ పెట్టు. లేదంటే తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. తర్వాత నన్ననకు."

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. కంచాల చప్పుడు ఆగింది.

"ఒక్కదానివే బస్సులోనా?" అన్నాడు భర్త.

"స్కూలుకి పదేళ్ళు బస్సులోనే వెళ్ళానండీ."

"అప్పుడు నువ్వు నా బాధ్యత కాదు."

"మరి పగలంతా నాకెవరు?" అన్నారు అత్తగారు. 'దీన్ని చూసుకోలేక చస్తున్నా' అని వారానికోసారి ఫోన్లో చుట్టాలకి చెప్పుకునే గొంతు అదే. ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో ఆ ఇంట్లో ఒక్క ఎడమ చెవికే తెలుసు.

ఇప్పుడు పదకొండు దాటింది. కుక్కర్ పెట్టి వచ్చి కూర్చుంది. నాలుగు కూతలు రావాలి. జవాబు రాద్దామని మెయిల్ తెరిచి, ఇయర్‌ఫోన్ కోసం తడుముకుంటూ ఉండగా కంప్యూటర్ పైకే చదివేసింది: మేడమ్ పేరు, 'జవాబు'. దానికే ఆ "గోల" మాట. వెంటనే పేపరు మడిచిన చప్పుడు, గదిలోకి వచ్చిన అడుగులు.

"ఇటివ్వు ఒకసారి. నెమ్మదిగా నడుస్తోందన్నావుగా మొన్న, అప్‌డేట్ చేస్తాను."

"పన్నెండు లోపు మెయిల్ పంపాలండీ."

"పది నిమిషాలేలే."

ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయాడు. హాల్లో సోఫా కిర్రుమంది. "చీకట్లో పెట్టుకుని ఏం చేస్తుందో" అంటూ తెర వెలుగు పెంచుకున్నాడు. కంప్యూటర్ సగం ముక్క మాట్లాడి టక్కున ఆగిపోయింది. శబ్దం సున్నాకి తగ్గించి దాని గొంతు నొక్కేశాడు.

హార్మోనియం మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. దానికి తీగ లేదు. తీగ లేదు కాబట్టి ల్యాప్‌టాప్‌తో దానికి సంబంధం తెగిపోయిందనుకున్నాడు. తీగ లేకుండానే హాలుదాకా అందుకుంటుందది.

ఆమె వేళ్ళ కింద చుక్కలు లేచాయి.

మొదట ఆయన పేరు. తన మెయిల్ తెరిచాడు. ఏదో వెతుకుతున్నాడు. తర్వాత ఒక తేదీ, రెండేళ్ళ కిందటిది. ఆ తర్వాత ఒక ఉత్తరం. నలభై గళ్ళ ముక్కలుగా దాన్ని బొటనవేలితో ముందుకు జరుపుకుంటూ చదివింది.

'గ్రంథాలయం వారికి నమస్కారం. బ్రెయిలీ పుస్తకాలు సరిచూసే ఉద్యోగానికి నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. ఇంటి బాధ్యతల వల్ల చేరలేకపోతున్నాను.' కింద ఆమె పేరు.

ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. వేలు మోసపోదు.

ఆయన మెయిల్ నుంచే దరఖాస్తు పెట్టించుకుని, ఆ గ్రంథాలయం జవాబు కోసం నెల్లాళ్ళు ఎదురుచూసింది. ఫోన్ మోగిన ప్రతిసారీ పిండి చేతులతో పరుగెత్తింది. చివరికి ఆయనే కనుక్కున్నానని వచ్చి చెప్పాడు. "వేరేవాళ్ళని తీసుకున్నారట. పోనీలే, నీ విలువ వాళ్ళకేం తెలుసు?" ఆ మాటకి కరిగిపోయి ఆయన భుజం మీద పడి ఏడ్చింది. ఆ సాయంత్రం ఆయన స్వయంగా టీ పెట్టి తెచ్చిచ్చాడు, ఆరేళ్ళలో ఒక్కసారి. చక్కెర ఎక్కువైంది, అయినా చెప్పలేదు. అంత ప్రేమగా ఇచ్చినదానికి వంక పెట్టడమేమిటనుకుంది. తర్వాత ఎప్పుడు ఆయన మాట గుచ్చుకున్నా ఆ టీ గుర్తు చేసుకునేది. మనిషి మంచివాడే అని తనకి తను సర్దిచెప్పుకోవడానికి ఆమె దగ్గర దాచుకున్న సాక్ష్యం అదొక్కటే.

చుక్కలు మళ్ళీ కదిలాయి. ఇప్పుడు ఆమె మెయిల్లోంచే టీమ్ మేడమ్‌కి జవాబు. కొత్తది రాసే ఓపిక కూడా లేదాయనకి. పాత ఉత్తరాన్నే తెచ్చి అతికించాడు. 'గ్రంథాలయం' అన్న మాటని ఒక్కో అక్షరం చెరిపి 'ఆఫీసు' అని పెడుతున్నాడు. వేళ్ళ కింద చీమలు పాకినట్టుంది.

"ఎంతవరకు వచ్చిందండీ?" గదిలోంచి అడిగింది.

"సగమయింది. మధ్యలో కదపకూడదు."

"పంపేశావా నాయనా?" అత్తగారి గుసగుస.

"ష్!"

గుసగుసలు కళ్ళున్నవాళ్ళకే రహస్యాలు. కుక్కర్ మొదటి కూత వేసింది.

అరవాలనిపించలేదు. అరిస్తే ల్యాప్‌టాప్ మూసేస్తాడు, 'నీ మంచికే' అంటాడు, ఈలోగా పన్నెండు దాటుతుంది. ఆమె రెండు చేతులూ పలక పైమీటల మీదికి జరిగాయి. ఒక్క నొక్కుతో ఉత్తరమంతా పట్టుకుంది. ఇంకో నొక్కుతో చెరిపేసింది.

"ఏయ్! ఇదేంటి, ఎటుపోయింది?"

ఆమె టైపు చేస్తోంది. 'మేడమ్, ఈ పనికి ఒప్పుకుంటున్నాను. సోమవారం తొమ్మిదింటికి ఆఫీసులో ఉంటాను.'

"అమ్మా, నేనేం ముట్టుకోలేదే! దానంతటదే రాసేస్తోంది!" టపటపా మీటలు కొట్టాడు. చివరి మాట చెరిగింది. ఆమె మళ్ళీ పెట్టింది. పంపేసింది.

"వైరస్! కచ్చితంగా వైరస్సే!"

ఆమె లేచి గుమ్మంలోకి వచ్చింది. "వైరస్ కాదండీ. హార్మోనియం."

రెండో కూత. ఆయన కదిలినట్టు సోఫా మళ్ళీ కిర్రుమంది. "అది కాదు... బయట నీకేమైనా అయితే... నీకెలా తెలిసింది?"

"కళ్ళు లేనిదాన్ని కదండీ. గ్రంథాలయం ఉత్తరం చదవడానికి రెండేళ్ళు పట్టింది."

మూడో కూత. "అమ్మాయ్, కుక్కర్" అన్నారు అత్తగారు, అలవాటు కొద్దీ.

"స్టౌ మీ ఎడమ పక్కనే ఉంది అత్తయ్యా."

ఆయన ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ తీసుకుంది. గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. పాలు పొంగిన రోజునుంచి వాడని రెండో ఇయర్‌ఫోన్ డబ్బాలోనే ఉంది, కొత్తదానిలా. ఎడమ చెవికి కూడా పెట్టుకుంది. నాలుగో కూత వచ్చిందో లేదో ఆమెకి తెలియదు. గ్రంథాలయం చిరునామా ఆమెకి కంఠతా వచ్చు. కొత్త ఉత్తరం తెరిచి, వేళ్ళ కింద ప్రతి అక్షరాన్నీ తడిమి చూసుకుంటూ, మొదటి వాక్యం రాసింది.

'రెండేళ్ళ కిందట నా పేరుతో మీకొచ్చిన ఉత్తరం నేను రాసింది కాదు.'