హారన్ తీసిన రోజు

ముందు బంపరుకున్న ఆఖరి బోల్టు తుప్పు పట్టి కదలనంది. మెకానిక్ దాని మీద నాలుగు చుక్కల నూనె వేసి, అది నానేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. గేటు దగ్గర రేకు నీడలో, అల్లిక కుర్చీలో, తలకు గుడ్డ చుట్టుకుని అతని భార్య కూర్చుని ఉంది.

"బోల్టుని కూడా బతిమాలుతున్నారా?" అంది.

అతను నవ్వి, ఇంకో చుక్క నూనె వేశాడు. వీధిలో అతన్ని మూగమేస్త్రీ అంటారు. ముప్పై ఏళ్ళుగా ఇంటిముందు షెడ్డులో ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ బాగుచేశాడు. ఇవాళ మాత్రం సొంత కారు పట్టుకున్నాడు. చిన్న టర్బో కారు. వారానికోసారి ఆమెను కొండ అవతలి ఆసుపత్రికి అందులోనే తీసుకువెళ్తాడు. ఎండలో ఏసీ వేస్తే అది కొండ ఎక్కలేదు. మూడో మలుపులో అతను ఏసీ కట్టేస్తాడు. ఆమె కళ్ళు మూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొండ దిగేదాకా బిగబట్టుకుని ఉంటుంది. పోయినవారం రెండుసార్లు వాంతి చేసుకుంది. "ఏం లేదులెండి, కొండగాలి పడలేదు" అంది. రేపు మళ్ళీ వెళ్ళాలి.

టర్బో గాలిని నొక్కి ఇంజనుకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడిగాలిలో సత్తువ ఉండదు. దాన్ని దారిలో చల్లార్చేది ఇంటర్‌కూలర్. కారులో ఉన్నది అరచేతి వెడల్పుది. పాత సామాన్ల కొట్లో ఒక వ్యానుది, దానికి రెండింతలది, దొరికింది. కానీ దాని సన్నటి రేకులు సగం వంగిపోయి ఉన్నాయి. అతను స్క్రూడ్రైవరు మొనతో ఒక్కో రేకూ లేపుతుంటే ఆమె చాలాసేపు చూసింది. తర్వాత గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి, సన్నపళ్ళ దువ్వెన తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"దీంతో దువ్వండి. నాకిప్పుడు దీంతో పనేముంది?"

"జుట్టొచ్చాక కావాలిగా."

"అప్పుడు కొత్తది కొనివ్వండి. పెళ్ళైనప్పటి నుంచీ ఒక్క దువ్వెనైనా కొన్న పాపాన పోయారా?"

అతను పైనుంచి కిందికి, చిక్కు తీస్తున్నట్టు దువ్వాడు. రేకులు వరసలుగా లేచి నిలబడ్డాయి.

"మెల్లగా. దానికి తల నొప్పెడుతుంది" అంది ఆమె.

మధ్యాహ్నానికి పెద్ద ఇంటర్‌కూలర్ తన చోటికి వచ్చింది. ఇంకో రెండు వేళ్ళ మందం ఉందనగా ఆగిపోయింది. హారన్ అడ్డం. అతను దాన్ని ఊడదీసి, ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు.

"ఇలా ఇవ్వండి. మీ సామాన్లలో పడితే మళ్ళీ కనపడదు." ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "ఇది లేకపోతే నన్నెలా పిలుస్తారు?"

పెళ్ళైన కొత్తలో ఇంటినిండా పెద్దవాళ్ళు. పేరు పెట్టి పిలవడానికి అతనికి సిగ్గు. వీధి మలుపులో స్కూటరు హారన్ రెండుసార్లు పొట్టిగా కొట్టేవాడు. ఆమె వచ్చి గేటు తీసేది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. స్కూటరు పోయి కారు వచ్చింది. పిలుపు మాత్రం మారలేదు.

"రేపు పొద్దున్నే ఇనపపట్టీ చేసి పక్కకి బిగిస్తాలే."

"ఈ ఒక్కపూటా నోటితో పిలవండి. అరిగిపోదు."

అతను చెవులదాకా ఎర్రబడి, తల కారు కిందికి దూర్చేశాడు.

గొట్టాలు కలిపి, లోపలికి గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి చూశాడు. ఒకచోట బుడగ లేచింది. క్లిప్పు ఇంకో అరచుట్టు బిగించాడు. బుడగ ఆగింది. బంపరు లోపలి ప్లాస్టిక్కు కాస్త కోసి, మళ్ళీ తొడిగాడు. నాలుగయింది. ఎండ ఇంకా చిటపటలాడుతూనే ఉంది.

"నేనూ వస్తా" అంది ఆమె.

"వద్దు. దార్లో ఎక్కడైనా గొట్టం ఊడితే ఎండలో ఉండిపోతావు. రేపు ఎలాగూ వెళ్తాంగా."

ఆమె తలూపింది. గేటు తీయడానికి లేవబోతే, వద్దని అతనే తీసి, కారు బయట పెట్టి, మళ్ళీ తనే మూసి వెళ్ళాడు.

మొదటి మలుపు. రెండోది. మూడో మలుపులో అలవాటుగా చేయి ఏసీ మీదికి పోయింది. ఆపుకున్నాడు. కారు గొణగలేదు, ఈడ్వలేదు. అదే గేరులో, లోపల చల్లగా, పైదాకా ఎక్కేసింది. అతను ఒక్కడే గట్టిగా నవ్వాడు. చల్లగాలి ఖాళీ సీటు వైపు తిప్పి, ఆమె మొహానికి సరిగ్గా తగులుతుందో లేదోనని వంగి తన చెంప పెట్టి చూసుకున్నాడు.

తిరిగి వస్తూ వీధి మలుపులో హారన్ రెండుసార్లు నొక్కాడు. చప్పుడు రాలేదు. గేటు మూసే ఉంది. హారన్ లేదుగా, ఎలా తెలుస్తుందనుకుని దిగి, తనే తీసుకుని లోపలికి వచ్చాడు.

"ఎక్కేసింది. ఏసీ వేసే ఎక్కేసింది" అన్నాడు.

ఆమె తల కుర్చీ వీపుకి ఆనించి ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. అతను చేయి పట్టుకుని చూశాడు. నాడి అందలేదు. తర్వాత పేరు పెట్టి పిలిచాడు. ముందు మెల్లగా, ఆ తర్వాత వీధంతా వినపడేలా.

ఒళ్ళో హారన్ అలాగే ఉంది. కొంగుతో మసి అంతా తుడిచి, గుచ్చుకోకుండా రెండు వైర్ల కొసలూ చుట్టచుట్టి పెట్టి ఉంది.