వేళ్ళ బిగువు

పాలకొల్లు దగ్గరున్న మిషను ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఏ కుళాయి కారినా చిట్టియ్యకే కబురొచ్చేది. ఆయన బిగించిన ఇనుప పైపు కారిందని ఒక్కరూ అన్నది లేదు. అలాంటిది, ఊరూరూ తిరిగి కళ్ళు పరీక్షించే కొత్త వ్యాను వచ్చాక ఆ పేరు నీళ్ళపాలయ్యేలా ఉంది.

వ్యానులో బల్ల కింద నీళ్ళ ట్యాంకు, పైన చేతులు కడుక్కునే సింకు, మధ్యలో ప్లాస్టిక్ పైపులు. రెండుసార్లు బాగుచేశాడు. రెండుసార్లూ ఊరు చేరేసరికి ట్యాంకు ఖాళీ. ఈసారి కూడా కారితే రాజమండ్రి నుంచి వేరే మనిషిని పిలిపిస్తామన్నారు డాక్టరుగారు.

చిట్టియ్య బల్ల కింద దూరి, ఎప్పటిలాగే మరలకు జనపనార చుట్టి, కారకుండా తెల్లటి సఫేదా ముద్ద పూసి, రెంచీతో నట్టు బిగించాడు. టిక్కుమంది.

"ఏంటండి ఆ చప్పుడు?" అంది దూది సర్దుతున్న సిస్టరు దేవకుమారి.

"ప్లాస్టిక్ సరుకమ్మా. దమ్ము లేదు."

"దమ్ము మీ చేతికి ఎక్కువైంది చిట్టియ్యగారూ. మేం సెలైను గొట్టం వేళ్ళతోనే తిప్పుతాం. గట్టిగా బిగిస్తే పగిలి దుప్పటంతా తడిసిపోద్ది."

డ్రైవరు లాజరు ముందు సీట్లోంచి అందుకున్నాడు. "రెంచీ లేకపోతే మా బాబాయికి అన్నం కలపడం కూడా రాదండి."

చిట్టియ్య నవ్వలేదు. నట్టు విప్పి వెలుతురులో పట్టి చూశాడు. రెంచీ పళ్ళు కరిచిన చోట వెంట్రుకంత చీలిక. సంచిలోంచి పాత నట్లు రెండూ తీశాడు. వాటికీ అక్కడే. నాసిరకం సరుకని డాక్టరుగారికి చూపించింది వీటినే.

జనపనార పీకేసి మరలు శుభ్రంగా తుడిచాడు. కొత్త నట్టు లోపల నల్లటి రబ్బరు వాషరుంది. నీళ్ళు ఆపేది అదే. ఇన్నాళ్ళూ దాన్ని సరిగ్గా కూర్చోనివ్వనిది తన జనపనారే. వేళ్ళతో ఆగేదాకా తిప్పి, మరి కాస్త బిగించి వదిలేశాడు. అరచెయ్యి రెంచీ కోసం జిలపెట్టింది.

దేవకుమారి చేతి తొడుగులకు వాడే పౌడరు తెచ్చి జాయింట్లన్నిటి మీదా చల్లింది. "తడిస్తే ముద్దవుతుంది. కళ్ళజోడు లేకపోయినా కనపడుద్ది."

ట్యాంకు నింపాక చిట్టియ్య కూడా వ్యానెక్కాడు. కాలవగట్టు గతుకుల మీద బండి ఎగిరినప్పుడల్లా నేలమీద కూర్చుని టార్చి వేసి చూశాడు. ఊరు చేరేసరికి అన్నీ పొడిగానే ఉన్నాయి, మూలమీది నట్టు దగ్గర ఆవగింజంత తడి తప్ప. చెయ్యి సంచిలోకి వెళ్ళింది. రెంచీ తియ్యకుండానే బయటికొచ్చింది. వేళ్ళతో పావు చుట్టు తిప్పి, మళ్ళీ పౌడరు చల్లాడు. ఆఖరి ముసలమ్మ కళ్ళు చూసి దేవకుమారి చేతులు కడుక్కునేదాకా ఆ పౌడరు తెల్లగానే ఉంది.

తిరిగొచ్చాక డాక్టరుగారు అడిగారు. "ఈసారి మంచి సరుకు దొరికినట్టుందే చిట్టియ్యా?"

అవునంటే సరిపోయేది. చిట్టియ్య పగిలిన నట్లు మూడూ బల్లమీద పెట్టాడు.

"సరుకు ముందునుంచీ మంచిదేనండి. పగలగొట్టింది నేను."

డాక్టరుగారు ఒక నట్టు తీసి చీలిక మీద గోరు పోనిచ్చారు.

"గురువారం బండి మళ్ళీ వెళ్తుంది. పొద్దున్నే వచ్చి పౌడరు చల్లి చూసిపో."

"అలాగేనండి," అన్నాడు చిట్టియ్య.